గస్తీకి దొరికిన దొంగ

దొంగలు మూడోసారి పొలంలో బోరు వైరు కోసుకుపోయాక కిషన్‌లాల్‌కు ఒళ్లు మండిపోయింది. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, బతిమాలి గస్తీ పెట్టించింది తనే. అయినా నమ్మకం చాలక, రోజూ పొద్దుగూకేసరికి వైరు విప్పి బండి మీద ఇంటికి తెచ్చుకునేవాడు. నిన్న బీర్కూర్ మలుపులో, అతన్ని ఎరగని పక్క ఊరి గస్తీ కుర్రాళ్లు ఆపారు.

“గీ వైరు ఏడ కోసినవ్?”

“నా బోరుదే! దొంగల భయానికి ఇంటికి తీస్కపోతున్న.”

“దొరికినోడు గిట్లనే అంటడు.”

భార్య జమునాబాయి తండా నుంచి వచ్చి తిట్టిపోస్తేగానీ వదల్లేదు.

పొద్దున బాన్సువాడలో హోటలాయన చాయ్ అందిస్తూ నవ్వాడు. “ఇగ ఫికర్ లేదన్నా. నిన్న గస్తీకి దొంగ దొరికిండంట!”

“దొరికిండు,” అన్నాడు కిషన్‌లాల్ పళ్లు కొరుకుతూ. “గిదిగో, నీ చాయ్ తాగుతుండు.”