ఇంటి పిల్లలు

మొగుడి ఖాకీ ప్యాంటుకి అంటిన రైల్వే వర్క్‌షాపు గ్రీజు మీద సబ్బు రుద్దుతుంటే, వెనకనుంచి అత్త సింహాచలమ్మ గొంతు వినబడింది పరమేశ్వరికి. "గట్టిగా రుద్దితే సేతులరిగిపోతాయేటి? ఊరోళ్ల పుళ్లు కడిగితే అరగవు గానీ."

పరమేశ్వరి ప్యాంటు తిరగేసి రుద్దింది. ఇలాంటివి పదకొండేళ్లుగా వింటోంది. అయితే ఆవేళ ఆమెని కుదురుగా ఉండనివ్వనిది ఆ మాట కాదు. ఝపటాపూర్‌ పేటలో పదిమంది ఆడపిల్లలు చదివే చిన్న నర్సింగు స్కూల్లో ఆమె టీచరు. పాఠాలు స్కూల్లో, పని నేర్చుకోవడం టౌన్లో ట్రస్టు ఆసుపత్రిలో. కిందటేడు, అరవై మూడులో, ఆరు నెలలు కాళ్లరిగేలా తిరిగి స్కూలుకీ ఆసుపత్రికీ ఆ ఒప్పందం కుదిర్చింది ఆమే. సంతకాలనాడు తీసిన ఫొటోలో మాత్రం లేదు. ఆ వేళకి అందరికీ టీ కలుపుతోంది.

ఏడాది తిరిగింది. పిల్లలు పుళ్లకి కట్టిన గుడ్డలు ఉతికారు, బెడ్‌పాన్లు కడిగారు, సూపరింటెండెంటు ఇంటినుంచి భోజనం కేరియర్లు మోశారు. ఒక్కరి చేతికీ సూది ఇవ్వలేదు. కాన్పు గది గుమ్మం తొక్కనివ్వలేదు. నిన్న జోగమ్మ అనే పిల్ల, ఫినాయిలుకి తోలు లేచిన చేతులు చాపింది. "టీచరమ్మా, గుడ్డలుతకడం మాయమ్మ కాడే నేర్సుకున్నాను. ఇక్కడికెందుకొచ్చినాను?"

"ఓర్చుకో తల్లీ" అని, నాలిక కరుచుకుంది పరమేశ్వరి. ఆ మాట తనది కాదు. పెళ్లయిన మూడోనాడు తన తల్లి తనతో అన్నది. ఇన్నేళ్లూ దాచుకుని, తీసుకొచ్చి ఇంకో పిల్ల చేతిలో పెట్టింది! అప్పట్నుంచీ కూర్చుంటే లేవాలని, లేస్తే ఎటైనా నడిచిపోవాలని ఉంది.

పదకొండింటికి రెండో ఏడాది సంతకాలకి కూర్చున్నారు. అటు సూపరింటెండెంటు డాక్టర్ ఆర్థర్, ఇటు స్కూలు కమిటీ పెద్ద, బట్టలకొట్టు వెంకటరావుగారు. టీచరు సంతకం కోసం కాయితం తన ముందుకి రాగానే పరమేశ్వరి, "ఒక్క షరతు కలపాలండీ" అంది. "ఉతుకుడు పనికి ఆయాల్ని పెట్టండి. మా పిల్లల్ని స్టాఫ్ నర్సు పక్కన నిలబెట్టి పని నేర్పించండి."

ఆర్థర్ నవ్వాడు. "అరే దీదీ, వాళ్లు మా ఇంటి పిల్లల్లాంటివాళ్లు. ఇంట్లో పని నీదీ నాదీ అనుకుంటామా?"

"ఇంటి పిల్లలన్నారనే నా భయం సార్. ఇంట్లో ఆడది ఎంత చేసినా అది పని కిందకి రాదు." సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టేసింది.

సాయంత్రానికల్లా వెంకటరావుగారు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పరమేశ్వరి వాళ్ల రైల్వే క్వార్టరుకి వచ్చారు. మాట్లాడింది మొగుడు తాతారావుతో. ఆమెతో కాదు. ఆయన వెళ్లాక తాతారావు గుమ్మంలో నిలబడి, "సంతకమెట్టేస్తే నీదేటి పోద్ది? ఆసుపత్రి లేపోతే పిల్లలు పరీచ్చకి కూకోలేరట. పదిమంది ఉసురు నీకే తగుల్తాది" అన్నాడు.

అది ఉత్త బెదిరింపైతే బాగుండును. నిజం. తన పంతానికి ఆ పిల్లల చదువు మట్టిలో కలిస్తే? సంతకం పెట్టినా, పెట్టకపోయినా తప్పే అయ్యేటట్టుంటే, ఇంతవరకూ చెయ్యని పనేమిటా అని వెతుక్కుంది.

మర్నాడు పొద్దున్నే, ఎవర్నీ అడక్కుండా, జోగమ్మని వెంటబెట్టుకుని పక్క ఊరు మిడ్నాపూర్ వెళ్లే పాసింజరెక్కింది. అక్కడో ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్, నెరిసిన జుట్టు బెంగాలీ ఆవిడ. జరిగిందంతా, తమ పిల్లలకి ఇక్కడ పని నేర్పుతారా అన్న మాటా విన్నది. జాలిపడలేదు, నీతులు చెప్పలేదు. జోగమ్మ అరచేతులు తిప్పి చూసి, తెల్లకాయితం ముందుకి లాక్కుని, "మీకేం కావాలో చెప్పండి" అంది.

పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ, ముప్ఫయ్యేళ్లలో పరమేశ్వరిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

"కూర్చుంటానండీ" అంది, తనే కుర్చీ లాక్కుంటూ. "చాలా ఉన్నాయి."