మీటరు ఎత్తు నుంచి

ఆ వసంతంలో మా ఫ్రీజర్‌లో కరివేపాకు పొట్లం పక్కన ఒక తుపాకీ దుర్భిణి పడుకొని ఉండేది. పొద్దున్నే దాన్ని బయటికి తీసి, అన్నం కుక్కర్ ఆవిరి దగ్గర పెట్టి, లోపలి అద్దానికి చెమ్మ పట్టిందేమోనని నా మనుమరాలు సంయుక్త టార్చిలైటు వేసి చూసేది. పట్టకపోతే సంతోషం. ఆ సంతోషంలో కుక్కర్ సంగతి మరిచిపోయేది. వారానికి మూడు రోజులు మేము ముద్దన్నమే తిన్నాం.

వేటగాళ్ళు తుపాకీ మీద బిగించుకునే దుర్భిణి అది. స్కోప్ అంటారు. జానెడున్నర పొడుగు నల్లటి గొట్టం, రెండు వైపులా అద్దాలు. కన్ను పెట్టి చూస్తే మధ్యలో వెంట్రుక కన్నా సన్నని కూడిక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఎక్కడ నిలిస్తే గుండు అక్కడ తగలాలి. సంయుక్త జర్మనీలోని ఇల్మెనౌలో చదువు ముగించి, అక్కడికి బస్సులో అరగంట దూరంలో ఇలాంటి గొట్టాలు చేసే చిన్న కంపెనీలో చేరింది. వాటిని పరీక్షించడమే ఆమె పని. కరోనాతో ల్యాబ్ మూసేసి, సామానంతా అట్టపెట్టెల్లో కట్టి ఇంటికి పంపారు.

నేను ఫిబ్రవరిలో మూడు నెలల వీసా మీద జగిత్యాల నుంచి వచ్చాను. పిల్ల కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు చూసి పోదామని. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీడియో కాల్‌లో మా అమ్మాయి, చుట్టాలు అందరూ అయ్యో అయ్యో అన్నారు. నేనూ అయ్యో అన్నాను. లోపల మాత్రం హాయిగా ఉండేది. మా ఆయన పనికి మస్కట్ పోతూ ఊళ్ళో నాలుగు సార్లు బస్సెక్కాడు, తిరిగొచ్చి మూడు సార్లే దిగాడు. అప్పటి నుంచి ఎవరు చెప్పులు వేసుకున్నా ఎప్పుడొస్తారని రెండు సార్లు అడుగుతాను. విమానాలే ఎగరని లోకంలో ఎవరూ ఎవరినీ విడిచి పోలేరు కదా!

ఏప్రిల్ నెల మొదట్లో ఆ దబదబలు మొదలయ్యాయి. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి చూస్తే, హాల్లో సంయుక్త చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని, ఇనుప దిమ్మెకు బిగించిన స్కోప్‌ను నడుము ఎత్తుకు లేపి కింద చెక్క మీదికి వదిలేస్తోంది.

"ఏందే అది! గట్ల పారేస్తున్నవ్?"

"పారేసుడు కాదు అమ్మమ్మా, డ్రాప్ టెస్ట్. మీటరు ఎత్తు నుంచి. వేటకు పోయినోడు రాయి మీద జారి పడ్తడు. కారు సీటు మీదికెల్లి తుపాకి కిందపడ్తది. అయినా గురి కదలొద్దు. గందుకే మనమే ముందుగాల పడేసి చూస్తం."

"కింద ముసలాయన నెత్తి మీద పడేస్తున్నవ్."

"ఆయనకు చెప్పిన. పది నుంచి పన్నెండు దాకా ఓకే అన్నడు. ఆయన కూడ వేటగాడేనట, నవ్విండు."

కిటికీ గట్టు మీద ఇంకో చిన్న గొట్టం బిగించి ఉండేది. దాని లోపల గళ్ళు. స్కోప్ పడ్డ ప్రతిసారీ దాని ముందు పెట్టి చూస్తే, కూడిక గుర్తు ఎన్ని గళ్ళు జరిగిందో తెలుస్తుంది. అరగడి జరిగితే పర్వాలేదు. గడి దాటితే ఫెయిల్. అది కుర్ర వేటగాళ్ళ కోసం కంపెనీ కొత్తగా చేస్తున్న రకం. మొదట వచ్చిన మూడూ ఫెయిలయ్యాయి. లోపల అద్దాన్ని పట్టుకొని ఉండే జిగురు వదులుతోందట. ఆ వారమంతా పిల్ల సరిగ్గా తినలేదు.

"నువ్వు చేసినవా జిగురు? నీకెందుకు రంది?" అన్నాను.

"నేను చెయ్యలే. కానీ వచ్చే నెల ఆఖరుకు నా ప్రోబెట్‌సైట్ అయిపోతది. ఆరు నెలలు చూసి, నచ్చితె ఉంచుకుంటరు, లేకపోతె టాటా. ఈ స్కోప్ పాసయి నా రిపోర్టు మంచిగుంటేనే కాంట్రాక్టు. కాంట్రాక్టు ఉంటేనే ఇక్కడ నేను. ఇప్పుడు కొత్త ఉద్యోగం ఎవడిస్తడు, అందరిని ఇంట్ల కూసోబెట్టిండ్రు."

మే నెల మొదట్లో కొత్త జిగురుతో ఇంకో మూడు వచ్చాయి. వాటిని చూస్తూనే నాకు భయమేసింది. ఇవి కూడా పోతే? అద్దెయింటి చెక్కనేల గీతలు పడకుండా సంయుక్త ముందే జంపఖానా పరిచి, దాని మీద చెక్క పెట్టుకునేది. చలికాలానికని నేను పాత చీరలతో కుట్టి తెచ్చిన బొంత ఒకటి అలమారలో ఊరికే ఉంది. ఇక్కడ గోడకే వేడి పెట్టారు, బొంతతో ఎవరికి పని? ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని నాలుగు మడతలు వేసి జంపఖానా కింద సాపుగా పరిచాను. కింద ముసలాయనకు చప్పుడు తగ్గుతుందనుకున్నాను, నేల పాడవదనుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ పడేదానికి దెబ్బ తగలకూడదని కూడా అనుకున్నాను. అది ఇంకా నిజం.

సంయుక్త హెడ్‌ఫోన్ పెట్టుకొని ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతూ మాట్లాడుతూ పడేసేది. ఏమీ గమనించలేదు. మూడు స్కోప్‌లు, పది రోజులు, కుడివైపు, ఎడమవైపు, తలకిందులు. గురి వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"కొత్త జిగురు అదిరింది అమ్మమ్మా!" అని నన్ను పట్టుకొని గిరగిరా తిప్పింది. ఆమె పై అధికారి ఫ్రావ్ లాంగె రెండు వేల స్కోప్‌లకు సరిపడా అదే జిగురు తెప్పిస్తున్నారట. శుక్రవారం మధ్యాహ్నం మీటింగులో రిపోర్టు చూపిస్తే అయిపోయినట్టే. నేను దేవుడికి దండం పెట్టి పాయసం వండాను. జిగురు సంగతి నాకేం తెలుసు, పిల్ల నవ్వు తెలుసు.

గురువారం పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కింది ఇంటి హెర్ బ్రుక్‌నర్ తన కుక్కతో వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. బూట్లకు మోకాళ్ళ దాకా బురద, మాస్కు గడ్డం కింద. నన్ను చూసి మాస్కు పైకి లాక్కున్నాడు. మేమిద్దరం రెండు మీటర్ల దూరంలో రోజూ నాలుగు మాటలు మాట్లాడుకుంటాం. చిన్నప్పుడు కిరాణా పొట్లాల కాగితాలు చూసి నేను తెలుగు అక్షరాలు పట్టాను. ఇక్కడ సూపర్‌మార్కెట్ కరపత్రాలతో జర్మన్ పట్టాను. అందుకే నా జర్మన్‌లో చీజు, తగ్గింపు, ఈ వారం మాత్రమే, ఇలాంటి మాటలు ఎక్కువ. ఆయన చేతులతో, ముఖంతో మిగతాది నింపేవాడు.

"అడవినా?" అన్నాను.

రెండు రోజులుగా అడవిలోనే అన్నాడు. ఎవరో కుర్రవాడు చిన్న మగ జింకను కాల్చాడట. ఒక్క గుండుతో అక్కడే పడిపోవాలి. అది కాలి పైన తగిలింది. జింక కుంటుకుంటూ పొదల్లోకి పోయింది. ఇలాంటప్పుడు ఈయన్ని పిలుస్తారు, ఈయన కుక్క నెత్తుటి జాడ పట్టి వెతుకుతుంది. రెండో రోజు దొరికింది.

"బతికే ఉందా?" అన్నాను.

ఉంది అన్నట్టు తల ఊపి, కుక్క చెవులు నిమిరాడు. ఆ తరువాత వేళ్ళతో గొట్టం ఆకారం చూపించాడు. కుర్రవాడి చేతిలో తప్పు లేదు. అంతకు ముందు వారం తుపాకీ మెట్ల మీద జారి పడిందట. పైన దుర్భిణి లోపల ఏదో కదిలింది. బయటికి ఒక్క గీత లేదు. అతను దాన్ని నమ్మాడు.

అంతలో ఆయనే నవ్వి, మా కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "మీ అమ్మాయి పరీక్షలు ఆపేసిందా? మొదట్లో నా కాఫీ కప్పు గలగలలాడేది. పది రోజులుగా ఏమీ వినిపించడం లేదు."

నా చేతిలోని తడి తువ్వాలు గడ్డిలో పడింది.

రెండు అంతస్తులు ఎక్కడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పకపోతే రెండు వేల మంది కుర్రవాళ్ళు ఆ గొట్టాన్ని నమ్ముతారు. చెబితే పిల్ల ఉద్యోగం పోతుంది. పోతే వీసా పోతుంది. వీసా పోతే, విమానాలు మొదలవగానే ఇద్దరం ఒకే విమానంలో జగిత్యాల పోతాం, నేను ఒక్కదాన్నే పోను. ఆ చివరి మాట మనసులోకి రాగానే నా మీద నాకే అనుమానం పుట్టింది. చెప్పాలనుకుంటున్నది జింక కోసమా, నా కోసమా? మెట్టు మీద కూర్చున్నాను. ఎంత తవ్వినా రెండూ విడివిడిగా రాలేదు. ఇక లేచాను.

సంయుక్త రిపోర్టుకు రంగురంగుల గీతలు వేసుకుంటోంది.

"బిడ్డా, ఆ హెడ్‌ఫోన్ తియ్యి."

"ఒక్క నిమిషం అమ్మమ్మా."

"నిమిషం లేదు. జంపఖానా లేపి చూడు."

లేపింది. నా నీలం చీర, నా పసుపు చీర, ఎర్ర అంచు, అన్నీ నాలుగు మడతల్లో మెత్తగా పడుకొని ఉన్నాయి. ఆమె బొంతను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ బొంతను చూసింది.

"ఎప్పటి సంది?"

"కొత్తయి వచ్చినప్పటి సంది."

"అమ్మమ్మా! నువ్వు దానికి పక్కేసినవా?"

"పడితె దెబ్బ తాకుతదని..."

"దెబ్బ తాకాలనే కదనే నేను పడేసేది! పది రోజులు! మెత్తటి పరుపు మీద పడేసి, జిగురు సూపర్, జిగురు సూపర్ అని అందరికీ మెయిల్ కొట్టిన!" జుట్టు పట్టుకొని హాలంతా తిరిగింది. "రేపు మీటింగు. ఏం చెప్పాలె నేను? మా అమ్మమ్మ జోల పాడిందని చెప్పాలెనా?"

"నన్ను తిట్టు. కానీ ముందు మళ్ళ పడెయ్యి."

తిట్టింది కూడా. కోపంలో ఆమె తెలుగు, జర్మన్, ఇంగ్లిషు కలిసిపోతే, సగం నాకు అర్థం కాకపోవడం మంచిదే అయింది. బొంతను లాగి మూలకు విసిరింది. చెక్క పెట్టింది. మీటరు ఎత్తు నుంచి వదిలింది. ఇల్లు అదిరింది. గొట్టం ముందు పెట్టి చూసింది. అరగడి. రెండోసారి వదిలింది. మూడోసారి వదిలాక గళ్ళు రెండు సార్లు లెక్కపెట్టింది.

"ఎంత?" అన్నాను.

"రెండు గళ్ళు." ఆమె గొట్టం మీంచి కన్ను తీసింది. "వంద మీటర్ల కాడ జానెడు తేడా."

మిగతా రెండూ అంతే. అన్నం తినకుండా ఆమె ఫోన్ తీసింది.

"రేపటి దాక ఆగవా?"

"ఆగితె ఇవ్వాళనే జిగురుకు ఆర్డర్ పోతది."

ఫ్రావ్ లాంగె తెర మీదికి వచ్చింది. తెల్ల జుట్టు, వెనుక వంటింటి గిన్నెలు. సంయుక్త నిలబడే మాట్లాడింది. నా పేరు వినిపించింది, బొంత అన్న మాట తెలుగులోనే వినిపించింది. తరువాత ఆవిడ ఏదో అడిగింది.

"చూపించమంటుంది," అన్నది సంయుక్త.

"దేన్ని?"

"బొంతను."

నేను మూలలోంచి తెచ్చి, రెండు చేతులతో తెర ముందు విప్పి పట్టుకున్నాను. ఆవిడ దగ్గరికి వంగి చూసింది. కుట్లు మీరే వేశారా అని అడిగింది. నేనే అన్నాను. నా దగ్గర ఉన్న జర్మన్‌లో క్షమాపణ లేదు, అందుకని తెలుగులోనే చెప్పాను. "అమ్మా, తప్పు నాది. పిల్లది కాదు." సంయుక్త దాన్ని జర్మన్‌లోకి మార్చింది, మారుస్తుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ చెప్పింది ఇదీ. జిగురు ఆర్డర్ ఆపేస్తున్నారు. కొత్త స్కోప్ ఈ ఏడాది రాదు. పాసైందని రాసిన రిపోర్టు మీద సంతకం పెట్టడం చాలామందికి వచ్చు, దాన్ని తామే చించేవాళ్ళు తనకు కావాలి, కాబట్టి కాంట్రాక్టు ఇస్తారు. కానీ ఇకపై ఏ పరీక్షా ఇంట్లో జరగకూడదు. సోమవారం నుంచి ల్యాబ్‌లో ఒక గది తెరుస్తారు. సంయుక్త రోజూ మాస్కు పెట్టుకొని ఆరున్నర బస్సుకు రావాలి.

"అమ్మమ్మలు ఉన్న ఇంట్లో పరీక్షలు పెట్టొద్దని రూల్ రాస్తరట," అని సంయుక్త ఫోన్ పెట్టేసి నవ్వుతూ, ఏడుస్తూ సోఫాలో పడిపోయింది. నేను అన్నం వడ్డించాను. ఆ రోజు కూడా ముద్దే అయింది, ఇద్దరం కంచాలు ఖాళీ చేశాం.

సోమవారం ఆరింటికే ఆమె మూడు స్కోప్‌లూ సంచిలో సర్దుకొని, గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ఎప్పుడొస్తావని ఎప్పటిలాగే అడిగాను. ఇక రోజూ పొద్దున్నే ఇదే ప్రశ్న. నేను చేసుకున్నదే.

"ఆరింటికల్లా వస్త," అన్నది.

"సాయంత్రమేనా?"

"లే, వచ్చే ఏడాది ఆరింటికి." నా బుగ్గ గిల్లి మెట్లు దిగింది.

కిటికీ దగ్గరికి పోకూడదనుకున్నాను. పోయాను. ఆమె వీధి దాటి, వెనక్కి తిరిగి, నిద్రపోతున్న ఇల్లిల్లూ లేచేలా అరిచింది.

"అమ్మమ్మా, లోపలికి పో! సల్లగున్నది!"

చలిగానే ఉంది. బస్సు వచ్చి ఆమెను ఎక్కించుకొని మలుపు తిరిగే దాకా అక్కడే నిలబడి, ఆ తరువాత లోపలికి పోయి సాయంత్రానికి బియ్యం కొలిచాను.