ఆజ్ఞ అనే మాట

సూపరింటెండెంటు కాగితాన్ని హెడ్‌నర్సు వైపు తోశాడు. "ఓ సంతకం పడేయండి సిస్టర్. ఆ పిల్లని ఉద్యోగంలోంచి పంపించేస్తే గొడవ వదిలిపోతుంది."

అచ్చు ఫారం. "డాక్టరుగారి ఆజ్ఞను ధిక్కరించినందుకు" అని ముందే వేసి ఉంది. పేరు రాయడమే తరువాయి. ఆ మాట చూడగానే హెడ్‌నర్సుకి ఒళ్లు మండింది. ఆజ్ఞట, ఆజ్ఞ! ఇదేమన్నా రాజుగారి కొలువా?

జరిగింది ఇంతే. షుగరున్న ముసలాయనకి డాక్టరు ఇన్సులిన్ రాశాడు. వార్డంతా పిడుగు అని పిలిచే కొత్త నర్సు చీటీ చూసింది. వంద. వంద యూనిట్లు పొడిస్తే మనిషి మళ్లీ లేస్తాడా? ఫోను చేసింది. "రాసింది రాసినట్టు ఇవ్వు, నాకు పాఠాలు చెప్పకు" అని పెట్టేశాడు ఆ మహానుభావుడు. పిడుగు సూది ముట్టలేదు. ఇంకో డాక్టర్ని లాక్కొచ్చి సరిచేయించింది. ముసలాయన ఇప్పుడు మంచం మీద కూర్చుని, తన పళ్లసెట్టు ఎవరు కొట్టేశారని అందర్నీ తిట్టిపోస్తున్నాడు.

ఆ డాక్టరూ గదిలోనే ఉన్నాడు. "నేను రాసింది పదే. పక్కనున్నది సున్నా కాదు, యూనిట్లకి ఇంగ్లీషు 'యు' అక్షరం. ఆ పిల్లకి చదవడం రాకపోతే నా తప్పా?"

"మీరు ఫోనులో చెప్పినట్టే, కనిపించింది కనిపించినట్టు ఇచ్చుంటే ఎంత ఎక్కేది డాక్టరుగారూ?"

అడిగింది హెడ్‌నర్సు.

హెడ్‌నర్సు తల్లీ నర్సే. ఆవిడ రోజుల్లో నర్సు చదువంటే నేల తుడవడం, పక్కలు మార్చడం, డాక్టరు వస్తే లేచి నిలబడటం. థర్మామీటరు ముట్టుకుంటే చీవాట్లు. మాకూ పాఠాలు కావాలి, పరీక్ష కావాలి, లైసెన్సు కావాలి అని ఆ ఆడవాళ్లు ఏళ్లకేళ్లు పోట్లాడి సాధించుకున్నారు. ఎవడూ దయతలచి ఇవ్వలేదు. ఆ పోట్లాటకి ముందోసారి, తప్పు మందని తెలిసీ అమ్మ నోరు విప్పకుండా ఇచ్చింది. పసిపిల్ల పోయింది. మంచాన పడ్డాక కూడా అమ్మది అదే పలవరింత: "అడగకూడదని నేర్పారే తల్లీ, అడగకూడదని."

"ఏంటమ్మా ఆలోచన? నర్సులు దేవతలు. వాళ్లకి ఓర్పుండాలి," అన్నాడు సూపరింటెండెంటు.

"దేవతలైతే కొబ్బరికాయ కొట్టండి సార్, చార్జిషీటు దేనికి? మేం దేవతలం కాదు. చదివి లైసెన్సు తెచ్చుకున్న మనుషులం. అనుమానమొస్తే ఆగి అడగడమే మా పని."

'ఆజ్ఞ' మీద కాగితం చిరిగేలా అడ్డగీత కొట్టింది. కింద రాసింది: "తప్పు మోతాదు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకోను." సంతకం పెట్టింది.

"దీంతో మీ ఉద్యోగానికీ ఎసరొస్తుంది, తెలుసా?"

"రానివ్వండి. ఇంకో ఫారం తీయండి, నా పేరు నేనే రాసిస్తా. వార్డులో ఇంకా పద్నాలుగు మందిమి ఉన్నాం. మీ దగ్గర సరిపడా ఫారాలు ఉన్నాయో లేదో చూసుకోండి!"