కిటికీ అవతలి పిలుపు

చిలగడదుంపలకు తొక్క తీస్తూనే నేను మా మావోరీ భాష సగం నేర్చుకున్నాను. మా మరాయెలో, అంటే మా తెగంతా కూడే ఆవరణలో, వంటింటి కిటికీ ముంగిట్లోకి తెరుచుకుంటుంది. మా అత్తగారు రోయిమత నల్లబట్టల్లో ఆ ముంగిట్లో నిలబడి, వచ్చినవాళ్లనూ వాళ్ల వెంట వచ్చే పోయినవాళ్లనూ రాగం తీసి పిలిచేది. ఆడగొంతు పిలవనిదే బయటివాళ్లు గేటు దాటరు. మగవాళ్ల ఉపన్యాసాలన్నీ ఆ తర్వాతే. ఆవిడ పిలిచే ప్రతి మాటనూ పెదాల మీదే అనుకుంటూ కత్తి ఆడించేదాన్ని.

మా అమ్మకు ఆ భాష వచ్చేది. బళ్లో అది పలికినందుకు అరచేతుల మీద బెత్తం తిన్నది. మాకు ఒక్క ముక్కైనా నేర్పకుండానే పోయింది. నేను మంగళవారం భాష క్లాసులకు వెళ్తానన్నప్పుడు మా ఆయన పరతేనే అందరి ముందూ అన్నాడు: "క్లాసు భాషతో చచ్చినవాళ్లను పిలుస్తావా? లేచి పారిపోతారే. నీ ఉడకేసిన మాంసం చాల్లే మాకు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను నవ్వకపోతే ఇల్లంతా మూతి ముడుచుకుంటుంది మరి.

ఆ శనివారం మా పెద్దల్లో ఒకరి శవపేటిక మా సభామందిరం వసారాలో ఉంది. సన్నగా వాన. ఉత్తరాది చుట్టాలు అనుకున్నదానికంటే ముందే వచ్చి గేటు దగ్గర ఆగారు. అత్తయ్య నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నిన్నటి నుంచి పిలిచి పిలిచి గొంతు పోయింది. పిలవగలిగిన మిగతా ముసలమ్మలు పక్క ఊళ్లో ఇంకో చావు దగ్గరున్నారు. మాట్లాడాల్సిన మగవాళ్లు కోట్లు వేసుకుని బెంచీ మీద కూర్చునే ఉన్నారు. చుట్టాలు తడుస్తున్నారు.

పరతేనే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. "ఎవరైనా దొరుకుతారేమో చూడు. పరువు పోతోంది."

"ఎవర్ని చూడమంటావు?"

నా వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. "నీకు వంట ఉంది కదా."

వెనకనుంచి అత్తయ్య వచ్చింది. "తప్పుకోరా," అంది, వినీ వినపడకుండా. "కహూ, ఏప్రన్ విప్పు. చేతులు కడుక్కో. తిండి వాసనతో పోయినవాళ్ల ముందుకు రాకూడదు."

"తప్పు పలికితే, అత్తయ్యా?"

"కిటికీలో నీ పెదాలు కదలడం నేను చూడలేదనుకున్నావా?" తన తలమీది ఆకుల దండ తీసి నా తలకు పెట్టింది.

ముంగిట్లోకి వెళ్లి గొంతెత్తాను. మొదటి మాట వణికింది. రెండోది నిలబడింది. గేటు దగ్గరనుంచి ఒక ముసలావిడ గొంతు నా పిలుపుకు బదులు పలికింది. గుంపు కదిలింది. వాళ్ల వెంట వచ్చే పోయినవాళ్లందరినీ రమ్మన్నాను. ఆ వరసలోనే మా అమ్మనూ పిలిచాను, ఆమె ఏ మాటలకు దెబ్బలు తిన్నదో ఆ మాటలతోనే.

అప్పుడు గానీ మగవాళ్లు లేవలేదు.

భోజనాల వేళ అలవాటుగా వంటింటి వైపు నడిచాను. నా పిలుపుకు బదులు పలికిన ముసలావిడ నా చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టింది. కూర్చున్నాను. మా భోజనాల గదిలో బల్ల కూర్చుని చూస్తే ఇంత పొడవుంటుందని అప్పుడే తెలిసింది.

కాసేపటికి పరతేనే వచ్చాడు, కోటు మీదే నా ఏప్రన్ కట్టుకుని, చేతిలో టీ కెటిల్‌తో. వంగి మెల్లగా అడిగాడు.

"పంచదార ఎక్కడుంటుంది?"

"ఇన్నేళ్లూ ఉన్నచోటే," అన్నాను, కప్పు ముందుకు జరుపుతూ.