టేపు చుట్టిన స్టూలు

గులాం నబీ ఎడమచేతిని నడుము వెనక్కి మడిచి పెట్టుకుని, కుడిచేత్తో పాత ఆంప్లిఫయర్ వెనక చెక్క విప్పుతున్నాడు. అన్నం తినేటప్పుడూ ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. "రెండో చెయ్యి దుకాన్ల మర్చిపోయి వచ్చినవా?" అని భార్య అజీజా ఆటపట్టిస్తుంది. రెండు చేతులూ లోపల పెడితే షాకు గుండె మీదుగా పోతుందని ఆయనకు నలభై ఐదేళ్ల కింద తెలిసివచ్చింది. అప్పటి నుంచీ అదే అలవాటు.

కరీంనగర్ పాత బజారులోని ఆయన రిపేరు మడిగెకు ఇప్పుడు గిరాకీ అంతంతమాత్రం. ఇవాళ మాత్రం పొద్దున్నే గోదావరిఖని నుంచి జ్యోతిరాణి ఈ వాల్వుల ఆంప్లిఫయర్‌ను మోసుకొచ్చింది.

"ఇది మా బాపుది కాకా, బొగ్గుబాయి పోశంది. పోయినేడు ఆయన పోయినంక నేనే వాయిస్తున్న. గిటారు పట్టుకొని మైకుకు మూతి పెడితే జుమ్మని షాకు కొడ్తాంది. మాపటికి ఈడనే ప్రోగ్రాం ఉన్నది."

పోశం పేరు వినగానే నబీ లేచి నిలబడ్డాడు. పోయాడన్న కబురు తనకు అందనే లేదు. తన స్టూలును తువ్వాలుతో తుడిచి ఆమెకు వేశాడు. తను డబ్బా మీద కూర్చున్నాడు.

లోపల చూస్తే ఆయనకు ఒళ్లు మండింది. ఎవరో పుణ్యాత్ముడు రెండు పిన్నుల ప్లగ్గు బిగించాడు. కారిన కరెంటును నేలలోకి పంపే ఎర్తు తీగ లేదు. కరెంటు తీగకూ రేకు పెట్టెకూ మధ్య ఉన్న చిన్న కెపాసిటర్ పాడై, కరెంటును పెట్టెలోకి వదులుతోంది. గిటారు తీగలు ఆ పెట్టెకే కలిసి ఉంటాయి. నేడో రేపో పోశం బిడ్డ పాడుతూ పాడుతూ మైకుకు అతుక్కుపోయేది.

పెద్ద కెపాసిటర్లలో మిగిలిన కరెంటును ముందుగా దించేశాడు. ఆ చిన్నదాన్ని కత్తిరించి పారేశాడు. మూడు తీగల వైరు తెచ్చి, ఫ్యూజును కరెంటు తీగ దారిలో పెట్టాడు. రేకు మీద రంగు గీకి, ఎర్తు కోసం పచ్చ తీగకు విడిగా ఒక బోల్టు బిగించాడు. పచ్చ తీగను మిగతా రెండిటికంటే బెత్తెడు పొడుగు ఉంచాడు. ఎవరైనా వైరును గుంజితే అది అన్నిటికంటే చివర ఊడాలి. మసకబారిన కళ్లతో, వణికే వేళ్లతో ఈ పనికి మధ్యాహ్నం దాటింది.

స్విచ్చి వేయగానే గుంయ్‌మంది. జ్యోతిరాణి ముఖం వాడిపోయింది.

"ఎర్తు పీకెయ్ కాకా. మా కీబోర్డు వాయించే సాయిచంద్ తన దానికి గట్లనే పీకేయించిండు."

"ఒకప్పుడు నేను గూడ అందరియి పీకిన బిడ్డా," అన్నాడు నబీ. "మీ బాపుది గూడ. సప్పుడు పోతదనుకునేటోళ్లం. ఒకనాడు గీ పెట్టెకే అతుక్కపోయిన. నోట మాట రాలే. మీ బాపు చేతులతోని పట్టుకుంటే ఇద్దరం పోయేటోళ్లం. నువ్వు కూసున్న గా టేకు స్టూలుతోని ఒక్కటేసిండు. నా చెయ్యి ఇరిగింది, స్టూలు కాలు పలిగింది. పానం మిగిలింది. గప్పుడే దీనికి ఎర్తు తిరిగి పెట్టిన, ఎన్కసీరి ఎవడో మళ్ల పీకిండు."

ఆమె చటుక్కున కిందికి చూసింది. ఒక కాలికి నల్ల టేపు చుట్టి ఉంది.

"గప్పటికి నా పెండ్లి గూడ కాలే. గా తర్వాతనే అజీజా వచ్చింది, ముగ్గురు పిల్లలైన్రు. మనుమరాలు సాదియా మొన్ననే నర్సింగుల చేరింది. గిదంత మీ బాపు ఇచ్చిందే. ఎర్తు మాత్రం పీక. సప్పుడు వేరే కాన్నుంచి వస్తాంది, ఆగు."

ఎండిపోయిన రెండు పాత కెపాసిటర్లు మార్చాడు. మోత తగ్గి, చెవి పెట్టి వింటే తప్ప తెలియనంత మిగిలింది. తర్వాత ఆయన గచ్చు మీద నీళ్లు చల్లి, చెప్పులు విడిచి, ఒక అరచేత్తో మైకునూ ఇంకో అరచేత్తో గిటారు తీగలనూ పట్టుకుని నిలబడ్డాడు. మీటరుతో రెండుసార్లు చూసుకున్నా మనసు ఒప్పలేదు. ఇన్నేళ్లలో కరెంటు ఉన్న పెట్టె దగ్గరికి ఆ ఎడమచెయ్యి వచ్చింది ఇదొక్కసారే. ఏమీ కాలేదు. నబీ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

జ్యోతిరాణి ఆంప్లిఫయర్‌తో ఎక్కిన ఆటో కదిలాక ఆయన తన స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు దిగినట్టుంది. చెయ్యి అలవాటుగా నడుము వెనక్కి పోయింది. అల్లాకు షుక్రియా చెప్పుకుని కళ్లు మూసుకున్నాడు.

పొద్దు గుంకే వేళ ఎదురు హోటలు హనుమంతు చాయ్ తెచ్చేసరికి బల్ల మీద ఫోను మోగుతోంది. నబీ పడుకున్నాడనుకుని తనే ఎత్తాడు.

"కాకా, మొదటి పాట అయిపోయింది. మైకుకు మూతి ఆనిచ్చి పాడిన. జర గూడ జుమ్మనలే! నీ రుణం తీర్చుకోలేను కాకా. ఇంటున్నవా?"

హనుమంతు ఫోనును నబీ చెవి దగ్గర పెట్టి భుజం తట్టాడు. తల పక్కకు ఒరిగింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

"కాకా?"

"ఇన్నడు బిడ్డా," అన్నాడు హనుమంతు. "నువ్వు పాడు."

చీకటి పడకముందే అజీజా, పిల్లలు వచ్చి ఆయనను ఇంటికి తీసుకుపోయారు. హనుమంతు దీపం ఆర్పి, షట్టరు సగం దించి, ఒక్కసారి లోపలికి చూశాడు. తడి ఆరని గచ్చు మీద, గోడకు దగ్గరగా, ఒక కాలికి నల్ల టేపు చుట్టిన టేకు స్టూలు ఉంది.