రాయి స్థానంలో ఉందా?

నాకు కోపం ఎక్కువ. మా సంస్థలో ఎవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు, ఆ తర్వాత నా రాళ్ల పిచ్చి గురించి చెబుతారు. రెండూ నిజమే కాబట్టి కాదనను. కానీ 1997లో నా కొంప ముంచినవి ఆ రెండూ కావు, తొందర.

నేను చదివేది రూపాంతర శిలల్ని. నేల అడుగున పాతిక, ముప్ఫై కిలోమీటర్ల లోతులో వేడికీ బరువుకీ నలిగి కొత్త రూపు తెచ్చుకున్న రాళ్లన్నమాట. అంత లోతుకి మనిషి పోలేడు, గొట్టమూ దింపలేడు. కోట్ల ఏళ్లకి ఆ రాయే పైకి రావాలి. వచ్చినప్పుడు దాన్లో ఉండే గార్నెట్ అనే ఎర్ర గింజని కోసి పరీక్షిస్తే అది ఎంత లోతులో పుట్టిందో లెక్కగట్టొచ్చు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆ పూట ఆశ్చర్యంతో అన్నం కూడా సయించలేదు.

హైదరాబాదు చుట్టూ ఎటు చూసినా గ్రానైటు గుండ్లే. మరి వాటి కింద, బాగా అడుగున ఏముంది? పన్నెండేళ్లు పెద్దల పరిశోధన పేపర్లలో మూడో పేరుగానో నాలుగో పేరుగానో ఉంటూ నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఇదొక్కటే.

షామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్న మూడో ఏడు, ఒక ఆదివారం ఉదయం లాల్‌గడి మలక్‌పేట్ పక్కన కొత్తగా వేసిన లేఅవుటు వైపు నడకకి వెళ్లాను. అక్కడ ఒక గ్రానైటు గుండు పాదాన, గడ్డిలో, అరచేతికి కాస్త పెద్దదైన నల్లరాయి ముక్క కనిపించింది. విరిగిన ముఖం మీద దానిమ్మ గింజల్లా గార్నెట్లు! "ఓరి నాయనో!" అని అరిచాను. దూరంగా గేదెలు కాసుకుంటున్న మనిషి ఉలిక్కిపడి చూశాడు.

ఆ గుండులో అక్కడక్కడా నల్ల మచ్చలున్నాయి. గ్రానైటు కింది నుంచి ఉబికి వచ్చేటప్పుడు అడుగు రాళ్ల ముక్కల్ని మోసుకొస్తుంది. అలాంటి మచ్చే ఒకటి విరిగి పడిందనుకున్నాను. మా ఫీల్డు పుస్తకంలో ప్రతి నమూనాకీ కొన్ని గడులుంటాయి. తేదీ, చోటు, రంగు, ఆఖరున "రాయి స్థానంలో ఉందా?" అంటే అక్కడి కొండని అంటిపెట్టుకున్నదా, లేక ఎక్కడినుంచో వచ్చి పడిందా అని. ఆ రోజు ఆ గడి ఖాళీగా వదిలేశాను. లెక్క తేలాక, ఆఫీసులో కుర్చీలో కూర్చుని, "ఉంది" అని రాశాను.

లెక్క ఎంతకి తేలిందనుకున్నారు? ఇరవై ఎనిమిది కిలోమీటర్లు! హైదరాబాదు అడుగు నా చేతికి దొరికిందని మురిసిపోయాను. నా ఒక్కదాని పేరుతో పేపరు రాసి ఒక విదేశీ పత్రికకి పంపాను. "ఈ రాయి అచ్చం తూర్పు కనుమల రాళ్లని పోలి ఉంది" అని గొప్పగా ఒక వాక్యం కూడా చేర్చాను. మాది బొబ్బిలి, ఆ రాళ్లు నాకు తెలియనివా! మా అధిపతి జానకిరామయ్యగారు ఢిల్లీ సమావేశంలో నా పేరు చెప్పి మరీ ప్రకటించారు.

ఆర్నెల్లకి జవాబొచ్చింది. పేపరు వేసుకుంటాం, కానీ ఆ రాయి స్థానంలో ఉన్నదేనా, అదే గుండు నుంచి కొట్టిన రెండో నమూనా చూపగలరా అని. "నా మీదే అనుమానమా!" అని కాగితం బల్లకేసి కొట్టాను. అంతలోనే ఆ గడి గుర్తొచ్చి ఫీల్డు పుస్తకం తీసి చూశాను.

మూడు ఆదివారాలు గుండు చుట్టూ తిరిగి ప్రతి నల్ల మచ్చా కొట్టి చూశాను. ఒక్క గార్నెట్ లేదు. జానకిరామయ్యగారికి చెబితే, "క్వారీవాళ్లు కొట్టేశారని రాసెయ్యమ్మా. అక్కడ రోజూ కొడుతూనే ఉన్నారుగా, అబద్ధమేం కాదు" అన్నారు. మాట నాకూ నచ్చింది. అయినా నాలుగో ఆదివారం మళ్లీ వెళ్లాను, ఆ రాయి ఎక్కడిదో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు కనక.

ఆ గుండు మీద సత్యమ్మ అనే క్వారీ కూలీ, ఆమె మొగుడు గాలయ్య రాయి కొడుతున్నారు. నన్ను చూసి సత్యమ్మ సుత్తి పక్కన పెట్టి దిగొచ్చింది.

"ఏం దేవులాడుతున్నవ్ మేడం? నెల సంది సూస్తున్న, పోయిన పుస్తె దేవులాడినట్టు తిరుగుతున్నవ్."

సంచిలోంచి ముక్క తీసి ఇచ్చాను. ఆమె చూపు గార్నెట్ల దగ్గర ఆగలేదు. రాయిని తిప్పి వెనక వైపు బొటనవేలితో రాసింది.

"గిది ఈడి రాయి గాదు."

"నీకెలా తెలుసు?" అన్నాను. గొంతు లేచింది, ఒప్పుకుంటాను. "నేను పరీక్ష చేశాను. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల కింద పుట్టిన రాయి ఇది."

"ఎంత కిందనన్న పుట్టనీ. గీ దిక్కు సూడు, ఎంత నున్నగున్నదో. గిది పొత్రం ముక్క. రుబ్బీ రుబ్బీ గిట్లయింది."

ఆ నునుపు వానకీ గాలికీ వచ్చిందని నేను పుస్తకంలో రాసుకున్నాను. గార్నెట్లు కనిపించాక రాయికి వెనక వైపు కూడా ఉంటుందని మరిచిపోయాను.

"మేడం పరేషాన్ అయితాంది, ఊకో రాదే" అన్నాడు పైనుంచి గాలయ్య.

"నేనెందుకు ఊకుంట? గీ రాయి నా ఉలికి ఎరుకే. షామీర్‌పేట కొత్త కాలనీల ఓ ముసలమ్మ రోలుకు గాట్లు గొట్టిన. గిదే నలుపు, గిదే ఎర్ర గింజలు. ఉలికి మూడుసార్లు సాన వెట్టిన. నీలం గేటు, ఎనక జామచెట్టు. ముసలమ్మ మస్తు మాట్లాడుతది, ఆవకాయ గూడ వెట్టింది."

ఆమె చేతిలోంచి ముక్క లాక్కుని సంచిలో వేసుకున్నాను.

"ఏమైంది మేడం?"

"ఆ ముసలమ్మ మా అమ్మ."

ఇంటికి వెళ్లేసరికి మా అమ్మ కామేశ్వరమ్మ పెరట్లో మినప్పప్పు కడుగుతోంది. తిన్నగా రోలు దగ్గరికి పోయి, నీళ్లు పోసి పీచుతో తోమి, భూతద్దం పెట్టి చూశాను. ఒకటి కాదు రెండు కాదు, లెక్కలేనన్ని గార్నెట్లు. నలభై ఏళ్లు ఆ రోట్లో రుబ్బిన పచ్చడి తిన్నాను. ఎప్పుడు చూసినా దాన్నిండా పిండో పచ్చడో ఉండేది. దాన్ని రాయిగా ఒక్కసారీ చూడలేదు.

"ఏటే, రోలు మింగేస్తావా ఏటి?" అంది అమ్మ.

"అమ్మా, దీని పాత పొత్రం ఏదీ?"

"లారీలోంచి దింపినప్పుడు రెండు ముక్కలైపోనేదూ? ఒక ముక్క కట్టుబడి చెత్తతో పాటు ట్రాక్టరువాడు పట్టుకుపోయాడు, ఏదో లేఅవుటులో గోతులు పూడ్చడానికి. రెండోది అదిగో, గేటు కొట్టుకోకుండా పెట్టాను."

గేటు దగ్గర చతికిలబడి ముక్కకి ముక్క ఆనించాను. వెంట్రుకంత సందు లేకుండా అతుక్కుంది. ఒక గార్నెట్ సగం ఇందులో, సగం అందులో ఉంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అమ్మకి అంతా చెప్పాను.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఇంకెవరికి తెలుసే ఈ సంగతి?"

"సత్యమ్మకి. నీకు."

"నేను చెప్పను. ఆవిడ మీ పత్రికలు చదవదు."

నిజమే. ఒక ముక్క తీసుకెళ్లి చెరువులో పడేస్తే చాలు, పన్నెండేళ్లకి వచ్చిన నా పేరు నాకుంటుంది. ఆ ఆశ నాకు కలగలేదని బొంకను. కానీ పేపరు అచ్చయిందంటే, ఈ ఊళ్ల అడుగున ఏముందో తేలిపోయిందనుకుని ఇంక ఎవరూ అడగరు. నేనూ అడగలేను. అది మాత్రం నా వల్ల కాదనిపించింది.

"ఇంతకీ ఆ ఇరవై ఎనిమిది కిలోమీటర్లు అబద్ధమేనా?" అంది అమ్మ.

"లెక్క తప్పు కాదమ్మా. నీ పొత్రం నిజంగానే అంత లోతులో పుట్టింది. మన బొబ్బిలి వైపు."

"ఆ ముక్క ముందే చెబితే గేటుకి అడ్డం పెడతానా!" అని రెండు ముక్కలూ చెంగులో వేసుకుని లోపలికి పట్టుకుపోయింది.

రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి జంకేదేముంది? సోమవారం పేపరు వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి జానకిరామయ్యగారికి చూపించాను. "ఢిల్లీవాళ్లకి నేనేం చెప్పను?" అన్నారు. "పొత్రమని చెప్పండి" అన్నాను. ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. నా పేరు మళ్లీ మూడో స్థానానికి పోయింది.

ఆ వచ్చే ఆదివారం సత్యమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఈ గుండ్లన్నిట్లో, మా అమ్మ రోలులా నీ ఉలిని బాగా ఏడిపించిన రాయి ఏది?"

"గిది ముందుగాల అడగొద్దా?" అని కొంగు నడుముకి బిగించింది. "ఉన్నది. మైలు దూరం నడవాలె. నల్ల పట్టె, గుండుకే అతుక్కొని లోపటిదాంక పోయింది. నా మొగని ఉలి పండ్లు రాలగొట్టింది."

"ఒక్క నిమిషం" అని ఫీల్డు పుస్తకం తీశాను. పాత పేజీలో ఆఖరి గడి వెతికి, "ఉంది" అన్న మాట కొట్టేసి పక్కన రాశాను.

"ఏం రాస్తున్నవ్ మేడం?"

చదివి వినిపించాను. "లేదు. మా అమ్మ పొత్రం."

"ఇగ సక్కగున్నది" అంది సత్యమ్మ. "నడువ్, జల్దీ. ఎండ ముదురుతాంది."