కుండకు చుట్టిన తడిగుడ్డ

"నీళ్లు ఈ పొద్దు గూడా సల్లగా లేవు," అన్నాడు గాబ్రియేలు, చెంబు ఠక్కున కింద పెట్టి. "మనసు యాడ పెట్టుకోని సుడతాండావు కుండకు గుడ్డ?"

కృపమణి కుండకు చుట్టిన గుడ్డ మళ్లీ సర్దింది. లోపమెక్కడుందో ఆమెకే తెలియలేదు. తెల్లవారకముందే లేచి, కుండ తోమి, నీళ్లు పోసి, గుడ్డ తడిపి చుట్టింది. ఆత్మకూరు పక్కన అత్తగారింట్లో ఎట్లా చుట్టేదో అట్లాగే చుట్టింది. అక్కడ వడగాలి తలుపులు బాదే ఎండాకాలంలో ఆ కుండలో నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. దారిన పోయేవాళ్లు కూడా ఆగి అడిగి తాగేవాళ్లు. వాళ్లు మెచ్చుకుంటే ఆ మెప్పు కోడలికి దక్కనిచ్చేది కాదు అత్త రాహేలమ్మ. "దీంట్లో దాని గొప్పేముండాది? మనసు సంసారం మీద ఉంటే నీళ్లు వాటంతటవే సల్లబడతాయి. ఆడదాని మనసు యాడుండాదో కుండను తాకితే తెలుస్తాది," అనేది. గాబ్రియేలు ఊరు విడిచి, ఓడెక్కి, సముద్రం దాటి రంగూనుకు వచ్చాడు గానీ, అమ్మ చెప్పిన ఆ మాటను మాత్రం అక్కడ వదిలి రాలేదు.

రంగూను రేవులో మూటలు మోసే తెలుగు కూలీలకు బైబిలు వాక్యం చెప్పడానికి మిషను వాళ్లు అతన్ని పంపారు. అతనికి వండిపెట్టడానికి కృపమణి వచ్చింది. వచ్చాక, కూలీల పిల్లల బడికి ఒక పంతులమ్మ కావాలని, తెలుగు చదవను రాయను వచ్చిన ఈమెను బడి నడిపే మిషను దొరసాని శిక్షణ తరగతిలో చేర్చుకుని, పిల్లలకు పాఠాలూ చెప్పించేది. దొరసాని మాట కాదనలేక గాబ్రియేలు సరేనన్నాడు. ఆ సరేనన్న నోటితోనే రోజూ నీళ్లు తాగి మొహం చిట్లించేవాడు. ఇంటిపనిలో మరే వంకా దొరకలేదు పాపం! అన్నం వేళకు ఉడికేది, బట్టలు మల్లెపువ్వుల్లా ఉండేవి, చీకటితో మొదలైన చాకిరీ చీకటిపడ్డాక కూడా తెమిలేది కాదు. కుండ ఒక్కటే ఆమె మీద సాక్ష్యం చెప్పేది. "దొరసాని ముందర చెప్పే పరీక్ష పాఠం పోయిందంటే ఇంక బడి సాలు," అన్నాడు నిన్న. "కుండెడు నీళ్లు సల్లబరచను చేతగానిదానికి పిల్లోళ్లకు సదువెట్లా వస్తాది?"

అన్నింటికంటే కృపమణిని కాల్చిన సంగతి వేరే ఉంది. ఆ మాట ఆమె నమ్మడం మొదలుపెట్టింది. గుడ్డ చుట్టేటప్పుడు ఆమె మనసు నిజంగానే బడిలో ఉండేది. ఏ పిల్లకు ఏది అర్థం కాలేదో, రేపు ఎట్లా చెప్పాలో అనుకుంటూ చుట్టేది. అయితే నీళ్లకు తెలిసిపోతోందేమో! అత్త చెప్పిందే నిజమేమో! అదేదో తేల్చుకోవాలన్న మొండితనంతోనే పరీక్షకు ఆ పాఠమే ఎంచుకుంది. తడిగుడ్డ చుడితే నీళ్లెందుకు చల్లబడతాయి? పుస్తకంలో ఉంది, చిన్నప్పటినుంచి చేతుల్లోనూ ఉంది. ఆ పాఠం ఎక్కడికి పోతుంది?

బయలుదేరుతుంటే గాబ్రియేలు బుద్ధి కూడా చెప్పాడు. "పిల్లోళ్లేమన్నా అడిగితే తెలీదని మాత్రం అనొద్దు. గద్దించు, గమ్మునుంటారు." వాళ్ల ఊరి బడి అట్లాగే నడిచేది. ఆమె సంసారమూ అంతే.

బడి బయట వాన పడుతోంది. దొరసాని వెనక బల్ల మీద కూర్చుంది. ఆమె పద్ధతి ఒకటే: నువ్వు చెప్పకు, పిల్లల చేతికివ్వు. కృపమణి రెండు చెంబుల్లో నీళ్లు పోసి, ఒకదానికి తడిగుడ్డ చుట్టించింది. నీళ్లు చల్లబడేలోపు పిల్లలు పాట పాడారు, లెక్కలు అప్పజెప్పారు. చివరికి ఒక్కొక్కరినీ పిలిచి రెండూ తాకి చూడమంది.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయండి," అంది పైడమ్మ. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కూలీ కూతురు.

"బాగా సూడు."

"సూసేనండి. ఒక్కలాగే ఉన్నాయండి. ఎందుకండీ?"

కృపమణి తాకింది. నిజమే. గాబ్రియేలు మాట గుర్తొచ్చింది. గద్దించు, గమ్మునుంటారు. పుస్తకంలో చల్లబడతాయని ఉంది, కూర్చో అంటే ఆ పిల్ల కూర్చుంటుంది. తను ఇన్నేళ్లూ కూర్చోలేదా? ఎందుకని అడగబోయిన ప్రతిసారీ నోరు మూసుకోలేదా? పైడమ్మ ఆమెనే చూస్తోంది.

"నాకు తెలీదు," అంది కృపమణి. "అందరం కనుక్కుందాం."

తరగతి నివ్వెరపోయింది. తర్వాత తేనెటీగల్లా ముసిరింది. ఒకడు చెంబు వాసన చూశాడు, ఇంకొకడు గుడ్డ పిండాడు. పైడమ్మ తన పరికిణీ అంచు పట్టుకుని చూసి, "గుడ్డ ఆరనే లేదండి! ఈ వానల్లో మాయమ్మ ఉతికినవి కూడా ఎన్నాళ్లకీ ఆరవండి. గాలే తడిగా ఉంటదండి," అంది.

"ఆరితేనే సల్లబడతాదంటావా?"

"ఇసిరి సూద్దామండి!"

తాటాకు విసనకర్ర తెచ్చి పిల్లలు వంతులవారీగా విసిరారు. చేతులు నొప్పిపుట్టేదాకా విసిరారు. మళ్లీ తాకి పైడమ్మ కేక వేసింది. గుడ్డ చుట్టిన చెంబు కొంచెమే అయినా చల్లబడింది.

కృపమణి మాత్రం చెంబు మీద నుంచి చెయ్యి తియ్యలేకపోయింది. ఆత్మకూరులో కుండను చల్లబరిచింది ఆ ఎండుగాలి. ఇక్కడ చల్లబడనివ్వనిది ఈ తడిగాలి. ఇన్నాళ్లు తన మనసును దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారే! ఏడుపు రావాలి, కానీ నవ్వు వచ్చింది. దొరసాని లేచి వచ్చి, వచ్చీరాని తెలుగులో, "రేపటి నుండి ఈ తరగతి నీది," అంది.

సాయంత్రం గాబ్రియేలు కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. "పాఠం ఏమాయె?"

"పిల్లోళ్లు అడిగినారు. తెలీదన్నాను."

"చెప్పలా నేను!" అని నవ్వి, చెంబు ఎత్తి తాగి, మొహం చిట్లించాడు. "ఇదో, నీళ్లూ అట్లే ఉండాయి."

కృపమణి కుండ తెచ్చి అతని ముందర పెట్టింది. గుడ్డ విప్పి అతని ఒళ్లో పెట్టింది.

"పాసైనాను. రేపటినుంచి తరగతి నాది, తెల్లారే పోవల్ల. నీళ్లెందుకు సల్లబడవో నాకిప్పుడు తెలుసు, కానీ నేను చెప్తే మీరు నమ్మరు. అందుకే చెప్పను. రేపటినుంచి కుండకు గుడ్డ మీరే సుట్టండి. సల్లబడకపోతే నాకు చెప్పండి, మీ మనసు యాడుండాదో."